ప్లాస్టిక్ యుద్ధ ట్యాంకు నమూనాలు కట్టేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది ఆవడి. చెన్నై సెంట్రల్ నుంచి అరక్కోణం వైపు లోకల్ ఎక్కితే దారిలో దిగిపోవచ్చు. ఇక్కడి భారీ వాహనాల కర్మాగారం నుంచే 1965లో మొదటి విజయంత ట్యాంకు బయటికొచ్చింది. ఆ తర్వాత టి-72 అజేయ, అర్జున్, టి-90 భీష్మ వచ్చాయి. మా ఇంట్లో తయారయ్యేవి మాత్రం జానెడు పైచిలుకు ఉంటాయి. వచ్చిన చుట్టాలు, ఆఫీసులో స్నేహితులు, ఈ మధ్యే మొదలుపెట్టిన కుర్రాళ్లు అడిగినవే మళ్లీ మళ్లీ అడుగుతుంటే, జవాబులన్నీ ఒకచోట రాసిపెట్టాను.

కిట్ డబ్బా మీద 1/35 అని ఉంటుంది. ఏమిటా వింత అంకె?

అసలు ట్యాంకులో 35 మిల్లీమీటర్లు మన బల్ల మీద ఒక మిల్లీమీటరు. టి-72 ఫిరంగి ముందుకు చాపి ఉన్నప్పుడు 9.53 మీటర్ల పొడవు, 3.59 మీటర్ల వెడల్పు. నమూనాలో అది 27 సెంటీమీటర్లు, 10 సెంటీమీటర్లు, పైన కొంచెం. ఐదడుగుల తొమ్మిదంగుళాల సైనికుడు సరిగ్గా 5 సెంటీమీటర్లకు వస్తాడు.

ముప్పైయో నలభయ్యో కాకుండా 35 ఎందుకంటే, ఇందులో శాస్త్రమేమీ లేదు. 1961లో జపాన్ కంపెనీ టమియా మోటారుతో నడిచే పాంథర్ ట్యాంకు నమూనా తెచ్చింది. లోపల బ్యాటరీలు పట్టేంత సైజులో చేశారు. తర్వాత కొలిచి చూస్తే అది 1/35. ఆ వరస బాగా అమ్ముడుపోయింది, మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. బ్యాటరీ పెట్టిన లెక్కకు అరవై ఏళ్లుగా ప్రపంచమంతా తల వంచుతోంది. 1/72 ఇందులో సగానికి కాస్త తక్కువ. అద్దె ఇంట్లో చోటు లేనివాళ్లకు మంచిదే గాని, నలభై దాటిన కళ్లకు నేను సిఫార్సు చేయను.

మొదటిసారి ఏ కిట్ కొనాలి?

ముక్కలు తక్కువున్నది. టమియావారి షెర్మన్ గాని, టి-55 గాని తీసుకోండి. అతుకులు చక్కగా కూర్చుంటాయి, సూచనల బొమ్మలు అర్థమవుతాయి. చైను ఒకే పట్టీగా వచ్చే కిట్ అయితే ఇంకా సుఖం. లోపలి ఇంజనుతో సహా వెయ్యి ముక్కలున్న డబ్బా చూసి మనసు పడకండి. అలాంటిది ఒకటి మా అలమారలో నాలుగేళ్లుగా ఉంది. ఎడమ వైపు చక్రాల దగ్గర ఆగిపోయింది.

పనిముట్లు చెన్నైలో దొరుకుతాయా?

సగం దొరుకుతాయి. మౌంట్ రోడ్డు పక్క రిచీ స్ట్రీట్‌లో సన్నమూతి పట్టకారు, చేతి డ్రిల్లు, సన్న రాగితీగ, భూతద్దం అన్నీ ఎలక్ట్రానిక్స్ కొట్లలోనే ఉంటాయి. నునుపుగా రుద్దడానికి వాటర్ పేపర్ ఏ హార్డ్‌వేర్ కొట్లోనైనా ఇస్తారు. 400, 600, 1000 నంబర్లు చాలు. ఆయిల్ రంగులు, టర్పెంటైన్ బొమ్మలేసేవాళ్ల కొట్లో కొనండి. కిట్లు, ముక్కలు కోసే మంచి నిప్పర్, ప్లాస్టిక్ జిగురు, మోడల్ రంగులు మాత్రం హాబీ కొట్లలోనో ఆన్‌లైన్‌లోనో వెతకాలి. విదేశం నుంచి తెప్పిస్తే కిట్ ధర మీద సుంకం పడుతుందని ముందే లెక్కేసుకోండి, ఇంట్లో చెప్పే అంకె కూడా దాన్ని కలిపే చెప్పండి.

నిప్పర్ దగ్గర మాత్రం పొదుపు చేయొద్దు. వైర్లు కత్తిరించే మామూలు కటర్ ప్లాస్టిక్‌ని కోయదు, నలిపేస్తుంది. నలిగినచోట తెల్లటి మచ్చ పడుతుంది.

ముక్కలన్నీ ముందే కోసి గిన్నెలో పెట్టుకోవచ్చా?

వద్దు. ముక్కలన్నీ అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం మీద ముక్క పక్కనే దాని నంబరు ఉంటుంది. కోసేస్తే నంబరు పోతుంది. టి-72కి కుడివైపు కొక్కెం, ఎడమవైపు కొక్కెం కవలపిల్లల్లా ఉంటాయి, వాటి అమ్మ కూడా గుర్తుపట్టలేదు. అవసరమైనప్పుడే కోయండి. ముక్కకు ఆనించి కోయకుండా కాస్త దూరంగా ఒకసారి, దగ్గరగా ఇంకోసారి, మిగిలిన మొటిమను కత్తితోనో పేపరుతోనో తీసేయండి.

చక్రాలు అన్నీ ఒకే ఎత్తులో లేవు. ట్యాంకు కుంటుతోంది. ఏం చేయాలి?

చక్రాల చేతులు అతికించిన వెంటనే, జిగురు ఆరకముందే, ఇంట్లో ఉన్న అద్దం పలక మీద పెట్టి చూడాలి. ప్రతి చక్రం అద్దాన్ని తాకాలి. జిగురు గట్టిపడ్డాక తెలిస్తే మళ్లీ కోసి అతికించడం తప్ప దారి లేదు. నలభై టన్నుల బండి ఒక చక్రం గాల్లో పెట్టుకుని నిలబడిందంటే, పైన ఎంత గొప్పగా రంగు వేసినా చూసేవాడి కన్ను అక్కడికే పోతుంది.

ఫెవిక్విక్ చాలదా? ప్లాస్టిక్ జిగురు వేరే కొనాలా?

కొనాలి. రెండూ చేసే పని వేరు. ఫెవిక్విక్ జాతి జిగురు రెండు ముక్కల మధ్య పొరలా గట్టిపడి పట్టుకుంటుంది. నీళ్లలా పలుచగా ఉండే ప్లాస్టిక్ సిమెంటు పాలీస్టైరిన్‌ని కరిగిస్తుంది, రెండు ముక్కలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఆరుతాయి. ముక్కలు ముందు కలిపి పట్టుకుని, అతుకు దగ్గర బ్రష్షు కొన ఆనిస్తే చాలు, సందులోకి దానంతటదే పాకుతుంది. వేలు మాత్రం అతుకు మీద ఉండకూడదు. ఉంటే జిగురు వేలి కిందికి పాకి, మీ వేలిముద్ర ట్యాంకు మీద శాశ్వతంగా మిగిలిపోతుంది.

లోహపు ముక్కలకు, రెసిన్‌కు ఫెవిక్విక్కే గతి. పెరిస్కోపు అద్దాల దగ్గర మాత్రం వాడకండి, దాని ఆవిరికి పారదర్శక ప్లాస్టిక్ పాలపొర కమ్ముతుంది.

ఫిరంగి గొట్టం మీద అతుకు గీత పోవడంలేదు.

రెండు సగాలు కలిపేటప్పుడు సిమెంటు కాస్త ఎక్కువే పెట్టి గట్టిగా నొక్కండి. కరిగిన ప్లాస్టిక్ సన్నటి పూసలా పైకి ఉబుకుతుంది. ఒక రోజంతా ఆరనిచ్చి, ఆ పూసను గీకేయండి. గొట్టం చుట్టూ పేపరు తిప్పి తిప్పి రుద్దాలి, ఒకేచోట రుద్దితే గొట్టం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. విసుగు పుడితే లోహపు గొట్టం విడిగా అమ్ముతారు, కొనేయండి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

మడ్‌గార్డులు చెక్కపలకల్లా మందంగా ఉన్నాయి. అసలు ట్యాంకులో అలా ఉండవు కదా?

ఉండవు. ఇక్కడే 35తో హెచ్చవేత పనికొస్తుంది. కిట్‌లో మడ్‌గార్డు ఒక మిల్లీమీటరు మందముంటే, అసలు బండి మీద 35 మిల్లీమీటర్ల రేకు అన్నట్టు. అంత మందం ఎవరు పెడతారు? అసలుది రెండు మూడు మిల్లీమీటర్ల రేకు. మన లెక్కలో 0.1 మిల్లీమీటరు కూడా దాటకూడదు.

కూల్‌డ్రింక్ డబ్బా పక్కగోడ మందం దాదాపు అంతే. డబ్బా పైనా కిందా కత్తెరతో తీసేసి, గోడను చాపి, గ్యాస్ మంట మీద క్షణంసేపు చూపిస్తే మెత్తబడి చెప్పినట్టు వంగుతుంది. కిట్ మడ్‌గార్డును అచ్చుగా పెట్టి గీత గీసి కత్తిరించండి. అంచును పట్టకారుతో ఒకచోట కాస్త పైకి, ఒకచోట లోపలికి వంచండి. చెట్టుకో గోడకో రాసుకున్న గుర్తు వచ్చేస్తుంది. ప్లాస్టిక్‌తో ఆ వంపు ఎప్పటికీ రాదు. బెల్టులు, గుడ్డ పట్టీల కోసం అయిపోయిన ఆయింట్‌మెంట్ ట్యూబు కోసి వాడండి. అది ఇంకా పలుచన. మా ఇంట్లో ట్యూబులు చివరిదాకా పిండకముందే మాయమవుతున్నాయని మా ఆవిడ ఫిర్యాదు.

ఈ లెక్క తెలిశాక ఫొటో ఎచ్ అనే ఇత్తడి రేకు ముక్కలు ఎక్కడ కావాలో, ఎక్కడ దండగో మీకే తెలుస్తుంది. ఇంజన్ మీది జల్లెడలకు, పలుచని పట్టీలకు తప్పకుండా వాడండి. గుండ్రంగా ఉండాల్సిన పిడికి మాత్రం చదునైన ఇత్తడి ముక్క కంటే అర మిల్లీమీటరు రాగితీగే మేలు.

వెల్డింగ్ గీతలు ఎలా చేయాలి?

దీనికి కాస్త పొడుగ్గా చెప్పాలి. ఎందుకంటే దీంట్లో నేను బాగా తిట్లు తిన్నాను.

మా బాబాయి వెల్డర్‌గా పనిచేసి రిటైరయ్యారు. నా రెండో ట్యాంకు చూపించాను. టరెట్ (ఫిరంగి ఉండే పై గోపురం) చుట్టూ సన్నటి ప్లాస్టిక్ తీగ అతికించి, వెల్డు అనుకుని మురిసిపోతున్నాను. ఆయన పేపరు చదివే కళ్లద్దాలు పెట్టుకుని, కిటికీ వెలుగులోకి తిప్పి చూశారు. "ఇది వెల్డు కాదురా, వానపాము పడుకుంది" అన్నారు. తర్వాత పేపరు అంచు మీద పెన్నుతో గీసి చూపించారు. వెల్డు రెండు పలకల మీద కూర్చోదు, రెంటి మధ్య కూర్చుంటుంది. రాడ్ కదిలిన కొద్దీ చేప పొలుసుల్లా ఒకదాని మీద ఒకటి అలలు పడతాయి, ఆ అలల వంపు ఎప్పుడూ ఒకే దిక్కుకి ఉంటుంది. మందం పలకైతే ఒకసారి వేస్తే చాలదు, పక్కపక్కన రెండు మూడు బీడ్లు (వెల్డు గీతలు) కనిపిస్తాయి. రాడ్ అయిపోయి కొత్తది పెట్టినచోట చిన్న గుంట, పక్కనే కాస్త ఉబ్బు.

అప్పటినుంచి నా పద్ధతి ఇది. ముందు అతుకు వెంబడి కత్తి వీపుతో సన్నటి కాలువ గీస్తాను. చట్రం ముక్క ఒకటి దీపం మంటకు అంగుళం పైన తిప్పుతూ పట్టుకుంటే కాసేపటికి మెరుస్తూ వాలుతుంది. వెంటనే మంట నుంచి తీసి రెండు వైపులా లాగితే తీగ సాగుతుంది. నెమ్మదిగా లాగితే లావు, గబుక్కున లాగితే వెంట్రుక. అసలు బీడు 15 నుంచి 20 మిల్లీమీటర్లు అనుకుంటే మనకు అర మిల్లీమీటరు తీగ కావాలి. దాన్ని కాలువలో పడుకోబెట్టి, పలుచని సిమెంటు మూడు నాలుగు సార్లు పూస్తాను. రెండు మూడు నిమిషాల్లో తీగ వెన్నలా మెత్తబడుతుంది. అప్పుడు గుండ్రటి కొన ఉన్న కత్తితో, ఒకే వాలులో, చిన్నచిన్నగా నొక్కుకుంటూ పోవాలి. నాలుగు సెంటీమీటర్లకోసారి ఆపి, చిన్న గుంట పెట్టి, మళ్లీ మొదలు.

మూడో ట్యాంకు చూసి బాబాయి ఏమీ అనలేదు. "ఇక్కడ రాడ్ తడిసింది" అని ఒకచోట వేలు పెట్టారు. నేను నొక్కడం తప్పిన చోటు అది.

పోత పోసిన టరెట్ అయితే వెల్డు తక్కువ, గరుకు ఎక్కువ. చిక్కటి ద్రవ పుట్టీ పూసి, ఆరకముందే గట్టి బ్రష్షుతో పొడిచినట్టు తట్టండి. ఆరాక పైపైన ఒకసారి పేపరు వేయండి. వేయకపోతే పనసతొక్కలా ఉంటుంది.

లాగే ఇనుప కేబుల్ కిట్‌లో దారంలా ఇచ్చారు. నూగు లేస్తోంది.

దారం పారేయండి. సన్న రాగితీగలు మెలిపెట్టండి. ఒక కొన తలుపు గొళ్లానికి కట్టి, రెండో కొన చేతి డ్రిల్లుకి బిగించి తిప్పితే నిమిషంలో పని అయిపోతుంది. అసలు కేబుల్ 25 మిల్లీమీటర్లైతే మీది 0.7. కేబుల్ బరువుతో వాలినట్టు ఉండాలి, కొక్కేల మధ్య వీణతీగలా బిగుసుకుని ఉండకూడదు.

చైను వేలాడదీయాలా, బిగించాలా?

ఏ ట్యాంకో దాన్నిబట్టి. టి-55కి పైన రోలర్లు ఉండవు, చైను బరువుకి వాలి చక్రాల తలల మీదే కూర్చుంటుంది. టి-72కి వైపుకి మూడు పై రోలర్లు ఉంటాయి, కాబట్టి వాటి మధ్య మాత్రమే కొద్దిగా జారుతుంది. తిప్పే పళ్ల చక్రం ఈ రెంటికీ వెనక, షెర్మన్‌కు ముందు.

ఒక్కో కడియం విడిగా వచ్చే చైనైతే, వరసగా అతికించి అరగంట ఆగండి. అతుకు పట్టుకుని ఉంటుంది, ఇంకా వంగుతుంది. అప్పుడు చక్రాల చుట్టూ తిప్పి, పై మడ్‌గార్డుకీ చైనుకీ మధ్య స్పాంజి ముక్కలు కుక్కి రాత్రంతా వదిలేయండి. పళ్ల చక్రాన్ని మాత్రం ముందే అతికించకండి, కడియాల రంధ్రాల్లో పళ్లు కూర్చోవాలంటే అది తిరుగుతూ ఉండాలి. రబ్బరు పట్టీ అయితే చక్రం తల మీద ఒక్కో చుక్క ఫెవిక్విక్ పెట్టి వేలితో కిందికి నొక్కడమే.

చెన్నై వానాకాలంలో రంగు వేయొచ్చా?

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాన పడని పూట చూసుకుని వేయండి. రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్‌కు గాలినిచ్చే కంప్రెసర్ గాలిని నొక్కినప్పుడు అందులోని తేమ నీరై గొట్టంలో చేరుతుంది. మండు వేసవిలోనే మన గాలి తడిగుడ్డ, ఇక నవంబరు సంగతి చెప్పాలా? నీటిని పట్టే ఫిల్టరు తప్పనిసరి. ప్రతిసారీ కంప్రెసర్ ట్యాంకు కింది మర తిప్పి నీరు వదిలేయండి. నేను గాలి ఒత్తిడి 15 నుంచి 20 పీఎస్‌ఐ మధ్య పెట్టి, 0.3 మిల్లీమీటర్ల సూదితో వేస్తాను.

ఒక నవంబరు సాయంత్రం, బయట ముసురు పడుతుంటే, పూర్తయిన టి-55 మీద స్ప్రే డబ్బాతో మ్యాట్ (మెరుపు లేని) వార్నిష్ కొట్టాను. పొద్దున లేచి చూస్తే ట్యాంకు మీద ఎవరో ముగ్గుపిండి జల్లినట్టుంది. ద్రావకం ఆవిరవుతూ చల్లబడ్డ పొర మీద గాలిలోని తేమ చేరి తెల్లబారింది. ఎండ కాసిన రోజు పైన మెరుపు వార్నిష్ పలుచగా కొడితే చాలావరకు తగ్గింది. ఇంజన్ జల్లెడ సందుల్లో మాత్రం ఆ తెలుపు ఇప్పటికీ ఉంది. అడిగినవాళ్లకు దుమ్ము అని చెబుతుంటాను.

ఎయిర్‌బ్రష్ లేకపోతే?

బ్రష్షుతోనే వేయండి. నీళ్లతో కలిసే అక్రిలిక్ రంగు పాలంత పలుచన చేసుకుని మూడు నాలుగు పొరలు. ఒక పొర పూర్తిగా ఆరాకే ఇంకోటి. ఆల్కహాలు వాసన వచ్చే టమియా అక్రిలిక్ మాత్రం బ్రష్షుకి మొండిది, రెండో పొర మొదటిదాన్ని లేపేస్తుంది.

భారత సైన్యం ట్యాంకు చేయాలంటే ఏది తీసుకోవాలి?

పాకిస్తాన్‌తో జరిగిన అసల్ ఉత్తర్ యుద్ధం కావాలంటే 1965 సెప్టెంబరు. మనవైపు డెక్కన్ హార్స్ రెజిమెంటు షెర్మన్లు, 3 కావల్రీ రెజిమెంటు సెంచూరియన్లు, అవతల ప్యాటన్లు. ఈ మూడూ 1/35లో దొరుకుతాయి. 1971 యుద్ధం కావాలంటే గరీబ్‌పూర్‌లో 45 కావల్రీ పీటీ-76లు. పడవలాంటి ఒళ్లు, నీళ్లలో ఈదే బండి, మొదటిసారి భారత ట్యాంకు చేసేవాళ్లకు నా ఓటు దానికే. అదే యుద్ధంలో, బసంతర్ దగ్గర డిసెంబరు 16న సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేత్రపాల్ నడిపిన సెంచూరియన్ పేరు ఫమగుస్టా. అది చేస్తే ఆ తేదీకి తగ్గట్టు దెబ్బలు, మసి చూపించాలి. కవాతుకు బయల్దేరినట్టు చేయకండి.

టి-90 అయితే రష్యా బండి కిట్‌నే మార్చాలి. రష్యా టి-90ఏ టరెట్ మీద ఫిరంగికి అటూఇటూ ఎర్రటి కళ్లలా రెండు దీపాలు ఉంటాయి. మన భీష్మకు అవి లేవు. తీసేసి, ఆ చోటు కవచపు ఇటుకలతో నింపాలి. విజయంతకు మాత్రం ప్లాస్టిక్ షీటు, స్కేలు, కత్తి, బోలెడు ఓపిక సిద్ధం చేసుకోండి.

నంబరు పలక మర్చిపోవద్దు. సైన్యం బండ్ల నంబరు సాధారణంగా పైకి చూసే బాణం గుర్తుతో మొదలవుతుంది. ఆ ఒక్క బాణం పెట్టగానే బండి మనదైపోతుంది.

అసలు ట్యాంకులు చూడాలంటే అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహల్యానగర్)లోని కావల్రీ ట్యాంక్ మ్యూజియానికి వెళ్లండి. 1994 నుంచి ఉంది, విజయంత, సెంచూరియన్, ప్యాటన్ అన్నీ పక్కపక్కనే చూడొచ్చు. మా ఊరి ఫ్యాక్టరీ గోడ దగ్గర ఫోన్ బయటికి తీయకండి. అది రక్షణ స్థలం, మీ వెల్డు గీతల గోల అక్కడి సెంట్రీకి చెప్పలేరు.

డెకాల్ (నీళ్లలో నానబెట్టి అంటించే బొమ్మ) చుట్టూ వెండిలా మెరుస్తోంది.

మ్యాట్ రంగు గరుకు మీద వేశారు. కింద గాలి మిగిలింది. ముందు మెరుపు వార్నిష్ వేసి, డెకాల్ పెట్టి, మెత్తబరిచే ద్రవం పూసి, ఆఖర్న మ్యాట్ వేయాలి. ఇప్పటికే మెరుస్తుంటే సూదితో నాలుగు పోట్లు పొడిచి ఆ ద్రవమే మళ్లీ పూయండి.

తుప్పు ఎంత వేయాలి?

మీరు అనుకున్నదాంట్లో పావు వంతు. కొత్తవాళ్ల ట్యాంకులు పాత ఇనుప సామాను కొట్లోంచి తెచ్చినట్టుంటాయి. నడుస్తున్న బండికి రంగు వేస్తూనే ఉంటారు. మందపు కవచం మీద గీరుకుంటే నల్లటి గోధుమరంగు కనిపిస్తుంది, నారింజ రంగు కాదు. నారింజకి దగ్గరగా ఉండేది పొగగొట్టం. టి-72కి అది ఎడమ మడ్‌గార్డు మీద ఉంటుంది, దాని వెనకంతా మసి.

నేను ప్రతి మరకకూ ఒక ప్రశ్న వేస్తాను. ఇది ఎవరి వల్ల పడింది? సిబ్బంది ఎక్కేటప్పుడు ఎక్కడ కాలు పెడతారో అక్కడ రంగు అరుగుతుంది. డీజిల్ పోసే మూత చుట్టూ నల్లగా తడి. చైను నేలను తాకే అంచు రాసుకుని వెండిలా మెరుస్తుంది, దానికి 6బి పెన్సిల్ రుద్దితే చాలు, ఇంతకంటే మంచి ఉక్కు రంగు ఏ సీసాలోనూ లేదు. పై మూత నడిమధ్యన తుప్పు కారుతున్నట్టు వేసినవాడిని అడగండి, అక్కడ నీళ్లు ఎలా నిలిచాయని.

సందుల్లో నీడకు బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ ఆయిల్ రంగు, టర్పెంటైన్‌లో టీ నీళ్లంత పలుచన చేసి బోల్టుల చుట్టూ మాత్రమే తాకించండి. ఒళ్లంతా పూయకండి. ఎక్కువైతే ద్రావకం ప్లాస్టిక్ అతుకుల్లోకి దిగి పగుళ్లు తెస్తుంది. దుమ్ముకి డ్రాయింగ్ చాక్ పాస్టెల్ గీకిన పొడి మంచిది. బియ్యప్పిండి ముగ్గు వాడాలనే ఆలోచన నాకూ వచ్చింది. చీమలకు అంతకంటే ముందే వచ్చింది.

చిన్న ముక్క ఎగిరి నేల మీద పడింది. కనబడటంలేదు.

లైటు ఆపి, ఫోన్ టార్చి నేలకు ఆనించి వెలిగించండి. ముక్క నీడ పొడుగ్గా పడుతుంది. పనిమనిషి ఊడ్చేలోపే చూడండి.

పిల్లలతో కలిసి చేయొచ్చా?

పదేళ్లు దాటితే చక్రాలు, చైను వాళ్లకివ్వండి. కత్తి, లాక్కర్ రంగుల వాసన మీ వంతు. రంగు కొట్టేటప్పుడు మాస్కు, తెరిచిన కిటికీ.

పూర్తయ్యాక ఎక్కడ పెట్టాలి?

అద్దాల అలమారలో, ఎండ తగలని చోట. కారు డ్యాష్‌బోర్డు మీద వద్దు. మే నెలలో ఆపిన కారులో రెసిన్ గొట్టం అరటిపువ్వులా వంగిపోవడం కళ్లారా చూశాను. వేడినీళ్లలో ముంచి తిన్నగా చేశాను, అది వేరే సంగతి.

మా ఇంట్లో నవరాత్రికి బొమ్మల కొలువు పెడతారు. పోయినేడు అమ్మ నన్నడగకుండా నా షెర్మన్‌ని తీసుకెళ్లి మూడో మెట్టు మీద, కిరాణా కొట్టు పెట్టుకుని కూర్చున్న చెట్టియార్ దంపతుల పక్కన పెట్టింది. పేరంటానికి వచ్చినావిడ ఒకరు దాని మడ్‌గార్డు వంపు చూసి, "అయ్యో, పాపం, వంగిపోయిందే" అని వేలితో తిన్నగా చేసేశారు.